పాలు పడనివారు, చోడి అంబలి, మధ్యాహ్నపు ఎండ



కొరాపుట్, జయపురం, సునాబేడ, రాయగడ, గుణుపురం పట్టణాలలోని తెలుగు ఇళ్లలో తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది: "నాకు పాలు పడవమ్మా." గ్లాసెడు పాలు తాగిన గంటకో రెండు గంటలకో కడుపు ఉబ్బరించడం, గుడగుడలాడడం, మెలిపెట్టి నొప్పి రావడం, ఒక్కొక్కసారి విరేచనం కావడం అనుభవించినవారు క్రమంగా పాలకు దూరమవుతారు. దూరం కావడంలో తప్పేమీ లేదు. పాలతో పాటు ఆహారంలోనుంచి తొలగిపోయిన కాల్షియం స్థానంలోకి మరొకటి వచ్చి చేరకపోవడమే చిక్కు. ఆ లోటు ఆ నెలలో తెలియదు, ఆ సంవత్సరంలోనూ తెలియదు. రక్తంలో కాల్షియం తగ్గకుండా శరీరం ఎముకలలోని నిల్వను తవ్వుకొని వాడుకుంటూ ఉంటుంది. వయోజనుని శరీరంలో సుమారు కిలో కాల్షియం ఉంటే అందులో 99 వంతులు ఎముకలలోనూ పళ్లలోనూ ఉన్నదే. ముప్పై యేళ్లు వచ్చేసరికి ఆ నిధి నిండడం దాదాపు పూర్తవుతుంది. ఆ తరువాత ఖర్చే తప్ప కొత్త జమ స్వల్పం. అరవయ్యో యేట స్నానాల గదిలో కాలు జారిన పెద్దమ్మగారికి తుంటి ఎముక విరిగినప్పుడు, ఆ లోటు ముప్పై యేళ్ల కిందటే మొదలైనదని ఇంటిల్లిపాదికీ తెలియవస్తుంది.

పాలు పడకపోవడం రోగమా అన్న ప్రశ్నకు సమాధానం, చాలామంది విషయంలో, కాదనే. పాలలో పాలచక్కెర ఉంటుంది. దానికే లాక్టోజ్ అని పేరు. దానిని విడగొట్టడానికి చిన్నపేగు గోడలలో లాక్టేజ్ అనే ఎంజైము ఉత్పత్తి అవుతుంది. తల్లిపాలు తాగే వయసులో ఇది సమృద్ధిగా ఉండి, పాలు మాన్పించిన తరువాత క్రమంగా తగ్గుతుంది. పాలిచ్చి పెంచే జంతువులన్నిటిలోనూ ఇదే ప్రకృతి ధర్మం. విడిపోని పాలచక్కెర పెద్దపేగు చేరితే అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి వాయువును పుట్టిస్తాయి. పేగులోకి నీరు కూడా ఊరుతుంది. ఉబ్బరానికీ విరేచనానికీ కారణం అదే. వేల సంవత్సరాలుగా పశుపాలన మీద బతికిన కొన్ని జనసమూహాలలో మాత్రం ఒక జన్యుమార్పు కారణంగా ఈ ఎంజైము జీవితాంతం నిలిచి ఉంటుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకొన్న 2012 నాటి ఒక అధ్యయనం, ఐరోపావాసులలో కనిపించే ఆ మార్పే భారతదేశంలోనూ ప్రధానంగా ఉన్నదనీ, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ అది తగ్గుతున్నదనీ చూపింది. అంతకు చాలా ముందు, 1981లో ప్రచురితమైన మరొక పరిశీలనలో ఢిల్లీ ప్రాంతీయులలో నాలుగోవంతుకు కాస్త మించి, దక్షిణాదివారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి పాలచక్కెర సరిగా జీర్ణం కావడం లేదని తేలింది. కాబట్టి పాలు పడని తెలుగువాడు అపురూపమైన వ్యక్తి కాడు. పాలు పడేవాడే మైనారిటీ అనవలసి ఉంటుంది.

ఇక్కడ ఈ రెండు జిల్లాల విశేషం చెప్పుకోదగినది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. 1992లో రాయగడ వేరు జిల్లా అయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి వ్యాపారానికీ, రైల్వే పనులకూ, కర్మాగారాల ఉద్యోగాలకూ వచ్చి స్థిరపడిన తెలుగువారు ఇక్కడ అనేకులు. వారు వచ్చేనాటికే ఈ కొండలమీద ఉన్న గిరిజన తెగలలో పలువురికి ఆవును పితికే ఆచారం లేదు. పశువులను పెంచేవారు, నాగలికి కట్టేవారు. పాలు మాత్రం దూడ సొత్తు అని విడిచిపెట్టేవారు. పాడి లేకపోయినా నాగలి పట్టి, బరువులు మోసి, కొండలెక్కి దిగిన జాతులివి. పాలు లేని ఆ బతుకులో కాల్షియం కొరతను చాలావరకు పూడ్చినది మాండియా, అనగా రాగి ధాన్యం. గోధుమరంగు మాండియా పెజ్ నింపిన ఆనపబుర్ర భుజాన వేసుకొని సంతకు వచ్చే దృశ్యం జయపురం, కుంద్రా, బిస్సంకటక్ దారులలో చూడనివారు అరుదు.

తెలుగువారికి ఇది పరాయి ధాన్యం కాదు. ఉత్తరాంధ్రలో దీనినే చోడి అంటారు, తెలంగాణలో తైదలు, రాయలసీమలో రాగులు. చోడి అంబలి తాగి పొలానికి వెళ్లిన తాతలు ఈ సభలోని ప్రతి కుటుంబంలోనూ ఉండి ఉంటారు. పట్టణం చేరాక, నాలుగు రాళ్లు చేతిలో ఆడాక, అంబలి పేదవాని తిండిగా కనబడి వంటింటినుంచి వెళ్లిపోయింది. దాని స్థానంలో తెల్లన్నం, పాలు, కాఫీ వచ్చాయి. పాలు పడినవారికి ఆ మార్పిడిలో నష్టం తక్కువ. పడనివారు మాత్రం రెండువైపులా నష్టపోయారు. చోడి వదిలేశారు, పాలు తాగలేకపోయారు.

లెక్క చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. అంతే తూకపు ఆవుపాలలో ఉన్నది సుమారు 118 మిల్లీగ్రాములు. తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా లేదు. ఆ సంస్థే 2020లో వయోజనుల రోజువారీ అవసరాన్ని పూర్వపు 600 మిల్లీగ్రాముల నుంచి 1000 మిల్లీగ్రాములకు పెంచింది. పాలిచ్చే తల్లులకు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాములు అవసరమని చెప్పింది. ఒక వ్యక్తి పూటకు 50 గ్రాముల చొప్పున రెండు పూటలా చోడిపిండిని అంబలిగానో, సంకటిగానో, రొట్టెగానో తీసుకొంటే అవసరంలో మూడోవంతుకు పైగా తీరిపోయినట్లే. పప్పులో గుప్పెళ్లతో వేసిన 50 గ్రాముల మునగాకు మరొక 150 మిల్లీగ్రాములు ఇస్తుంది. ఒడియా సంతలలో సజనా సాగ పేరుతో దొరికేది ఇదే. ఆషాఢంలో మునగాకు తినాలన్న పెద్దల మాట అందరికీ గుర్తుండే ఉంటుంది. దానిని ఆషాఢానికే పరిమితం చేయనక్కరలేదు. రెండు చెంచాల నువ్వులు, అంటే సుమారు 10 గ్రాములు, 100 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా ఇస్తాయి. పొట్టు తీసిన తెల్లనువ్వులలో ఇది బాగా తగ్గిపోతుంది కనుక పొట్టుతో ఉన్నవే కొనాలి. ఈడేరిన ఆడపిల్లకు చిమ్మిలి తినిపించే ఆచారం పెట్టినవారికి పోషక పట్టికలు తెలియవు, కాని పిల్లకు ఏమి కావాలో తెలుసు. 50 గ్రాముల ఉలవలు మరొక 130 మిల్లీగ్రాములు. ఉలవచారు ఇష్టపడేవారికి ఈ జిల్లాల సంతలలో ఉలవలకు కొరత లేదు. ఇక మాంసాహారులకు ముల్లుతో సహా నమిలి తినే చిన్నచేపలు, మెత్తళ్లు ఉన్నాయి. ఎండుచేపలలో ఉప్పు అధికం కనుక రక్తపోటు ఉన్నవారు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి.

ఆకుకూరలలో ఒక మినహాయింపు చెప్పక తప్పదు. పాలకూరలో కాల్షియం ఉన్నమాట నిజమే, కాని ఆక్సలేట్లు దానిని పట్టివేసి ఒంటికి అందనివ్వవు. తోటకూరలోనూ ఆక్సలేట్లు ఎక్కువే. ఆ రెండూ ఇతర గుణాల కోసం తినదగినవి, కాల్షియం లెక్కలో మాత్రం వేసుకోరాదు. చోడిలోనూ ఫైటేట్లు అనే అడ్డంకి ఉన్నది. దానికి విరుగుడు పాత వంటింటిలోనే ఉన్నది. చోడిపిండిని నీళ్లలో కలిపి రాత్రంతా పులియనిచ్చి మరునాడు కాచే అంబలి, గింజలను మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన పిండి, ఈ రెండు పద్ధతులలోనూ ఫైటేట్లు గణనీయంగా తగ్గుతాయి. డబ్బాలలో అమ్మే తీపి రాగి పొడులకు ఈ గుణం ఉండాలన్న నియమం లేదు. వాటిలో పంచదార ఎంత, రాగి ఎంత అన్నది డబ్బా వెనుక చదివి చూడాలి.

ఈ ధాన్యం కోసం దూరం వెళ్లే పని లేదు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ ప్రారంభించినప్పుడు ఎంచుకొన్న తొలి ఏడు జిల్లాలలో కొరాపుట్, రాయగడ రెండూ ఉన్నాయి. నవంబరు 10ని రాష్ట్రంలో మాండియా దివస్‌గా జరుపుతున్నారు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాలలో ఒకటిగా గుర్తించింది. కుంద్రా ప్రాంతానికి చెందిన గిరిజన రైతు రాయమతి ఘివురియా తాను కాపాడిన చిరుధాన్య వంగడాలతో 2023లో ఢిల్లీ జీ20 సభలకు వెళ్లి వచ్చారు. దేశదేశాలవారు చూడవచ్చిన ధాన్యం తమ వీధి చివరి సంతలో అమ్ముతుంటే, తెలుగు ఇల్లాలు దానిని దాటి పాలపొడి డబ్బా కొనుక్కు వెళ్లడం కొంచెం వింతగానే తోస్తుంది.

పాలు పడనివారు పాడిని పూర్తిగా వదలవలసిన పని కూడా సాధారణంగా ఉండదు. ఎంజైము తగ్గినవారిలో అత్యధికులు ఒకసారికి 12 గ్రాముల వరకు పాలచక్కెరను, ముఖ్యంగా భోజనంతో కలిపి, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరు. అది సుమారు ఒక కప్పు పాలలో ఉండే మొత్తం. టీలో కలిసే పాలు అందులో చిన్న భాగమే. పెరుగు విషయం ఇంకా మేలు. తోడు వేసినప్పుడు పాలచక్కెరలో కొంత తగ్గుతుంది. మిగిలినదానిని జీర్ణం చేయడానికి పెరుగులోని సూక్ష్మజీవుల ఎంజైమే తోడ్పడుతుంది. అందుకే పాలు పడని ఇంట్లో కూడా మజ్జిగ పడుతుంది. చెన్నా చేసేటప్పుడు పాలచక్కెర చాలావరకు విరుగుడు నీళ్లతో వెళ్లిపోతుంది. కోవా మిఠాయిలలో అది చిక్కబడి ఉంటుంది కనుక పెళ్లి భోజనం తరువాతి కడుపునొప్పికి వంటవాడిని నిందించే ముందు కోవాను అనుమానించడం న్యాయం. నెయ్యిలో పాలచక్కెర దాదాపు లేదు, అందువల్ల ఎవరికైనా పడుతుంది. కాని నేతిలో కాల్షియమూ లేదు. "రోజూ నెయ్యి తింటున్నాను కదా" అన్న ధీమా ఎముకలకు ఏమాత్రం పనికిరాదు. తాంబూలంలోని సున్నం కూడా కాల్షియమే అని వాదించేవారున్నారు. సున్నంలో కాల్షియం ఉన్నది నిజమే, దానితో పాటు నోట పడే వక్క క్యాన్సర్ కారకమని తేలినదీ నిజమే.

ఇంతవరకు చెప్పిన కాల్షియమంతా పేగు దాటి రక్తంలో చేరాలంటే విటమిన్ డి కావాలి. అది చాలకపోతే తిన్న కాల్షియంలో పదో వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే ఒంటపడుతుంది. తగినంత ఉంటే మూడో వంతు వరకు ఒంటపడుతుంది. ఎండ కాచే దేశంలో విటమిన్ డికి కొరతేమిటని పూర్వం వైద్యులు కూడా అనుకొనేవారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం చేసిన పరిశీలనలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. 2007లో ప్రచురితమైన వారి అధ్యయనంలో పల్లెవారిలోనూ పట్టణవాసులలోనూ ఆహారపు కాల్షియం తక్కువగా, ఫైటేట్లు ఎక్కువగా, విటమిన్ డి లోటు విస్తారంగా కనిపించాయి. చర్మంలో ఈ విటమిన్ తయారుకావడానికి తిరుపతిలో అనుకూలమైన సమయం ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకు అని కూడా అదే బృందం తేల్చింది.

లేత ఎండలో కూర్చుంటే విటమిన్ డి వస్తుందన్న ప్రచారం ఇందుకు విరుద్ధం. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు అవసరమైన అతినీలలోహిత కిరణాలు వాతావరణంలోనే చాలావరకు ఆగిపోతాయి. గుర్తు పెట్టుకోవడానికి ఒక సులువు ఉన్నది: మనిషి నీడ మనిషి ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఆ ఎండ పనికివస్తుంది. కొరాపుట్, రాయగడ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశం కొరాపుట్ పట్టణానికి కొద్దిగా పడమరగా పోతుంది కనుక, ఇక్కడ గడియారంలో పన్నెండంటే సూర్యునికీ దాదాపు పన్నెండే. మే నెలలో ఉదయం తొమ్మిదికే నీడ పొట్టిదవుతుంది. రాయగడ వడగాడ్పులో మధ్యాహ్నం వరకు ఆగవలసిన పని లేదు, ఆగరాదు కూడా. డిసెంబరు చివరలో మాత్రం మిట్టమధ్యాహ్నానికి ఆ చుట్టుపక్కల కొద్దిసేపే నీడ పొట్టిగా ఉంటుంది. శీతకాలపు ఉదయం ఏడింటికి మేడమీద కూర్చునేవారికి వెచ్చదనం దొరుకుతుంది, విటమిన్ దొరకదు. ముఖం, చేతులు, వీలైతే కాళ్లు కప్పుకోకుండా వారానికి మూడు నాలుగు రోజులు 15 నుంచి 30 నిమిషాలు ఎండలో ఉండడం సాధారణ సూచన. చామనఛాయ, నలుపు ఉన్నవారికి ఎక్కువ సేపు పడుతుంది. కిటికీ అద్దం వెనుకనుంచి పడే ఎండలో ఆ కిరణాలు ఉండవు.

ఈ సూచనను పాటించలేనివారు ఈ పట్టణాలలో తక్కువమంది కారు. సునాబేడ, దమన్‌జోడి కర్మాగారాలలో షిఫ్టు పనివారు, దుకాణంలో ఉదయంనుంచి రాత్రివరకు గల్లాపెట్టె వద్ద కూర్చునేవారు, అపార్టుమెంటు వంటగది దాటని గృహిణులు, వర్షకాలంలో వారాల తరబడి మబ్బు విడవని కొరాపుట్ పీఠభూమివాసులు, వీరందరికీ ఎండ అందని వస్తువే. వారికి గుడ్డు పచ్చసొన, కొవ్వు ఉండే చేపలు కొంత సాయపడతాయి. పుట్టగొడుగులను ముక్కలు చేసి మధ్యాహ్నపు ఎండలో కొద్దిసేపు ఉంచితే వాటిలోనూ విటమిన్ డి తయారవుతుంది. అడవి పుట్టగొడుగులను మాత్రం ఎరిగినవారి చేతిమీదుగా తప్ప తినరాదు. అన్నిటికంటే సులువైనది వంటనూనె. ప్యాకెట్టుమీద నీలిరంగు ప్లస్ ఎఫ్ గుర్తు ఉన్న నూనెలో ఏ, డి విటమిన్లు కలిపి ఉంటాయి. అటువంటి 20 గ్రాముల నూనెలో సుమారు 100 యూనిట్ల విటమిన్ డి వస్తుంది. రోజుకు కావలసినది 600 యూనిట్లు. పాలచక్కెరతో సంబంధం లేకుండా ఆరోవంతు సమకూరుతున్నదంటే విడి నూనె మాని ప్యాకెట్టు నూనె కొనడానికి అది చాలిన కారణం.

మాత్రల విషయంలో రెండు అతులు కనిపిస్తాయి. ఒకటి భయం. గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో కాల్షియం మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఒక్కో మాత్రలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి ఉంటాయి. పద్నాలుగో వారంనుంచి ప్రసవానంతరం ఆరు నెలల వరకు రోజుకు రెండు వాడాలని 2014 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న అపోహతో వాటిని గూట్లో దాచే అత్తగార్లు ఇంకా ఉన్నారు. ఆ కోడలు పాలు పడని మనిషైతే, కడుపులో బిడ్డకు కావలసిన కాల్షియం ఆమె ఎముకలనుంచే పోతుంది. ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి మింగితే ఐరన్ ఒంటపట్టడం తగ్గుతుంది కనుక రెంటికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. కాల్షియం మాత్రను భోజనంతోపాటు వేసుకోవాలి. రెండో అతి, వైద్యుని సలహా లేకుండా 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాలను మందుల దుకాణంలో కొని నెలల తరబడి వాడడం. ఒంట్లో అది పేరుకొంటే రక్తంలో కాల్షియం మితిమీరి మూత్రపిండాలకు హాని జరుగుతుంది. మూత్రపిండాలలో రాళ్లు వచ్చినవారు ఏ మాత్రకైనా ముందు వైద్యుని అడగాలి.

పసిపిల్లల మాట వేరుగా చెప్పాలి. తల్లిపాలలోనూ పాలచక్కెర ఉన్నది, ఆవుపాలలో కంటే ఎక్కువే ఉన్నది. దానిని అరిగించుకొనే శక్తితోనే బిడ్డ పుడుతుంది. విరేచనాలు పట్టిన తరువాత కొద్దిరోజులు ఆ శక్తి సన్నగిల్లవచ్చు, పేగు కోలుకోగానే తిరిగి వస్తుంది. ఆ కారణంగా తల్లిపాలు మాన్పించడం చాలా ప్రమాదకరం. పాలు తాగగానే ఒంటిమీద దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది పాలచక్కెర సమస్య కాదు, పాల ప్రోటీన్ల అలర్జీ. దానికి చుక్కపాలు కూడా పనికిరావు, వైద్యం తక్షణం కావాలి. పెద్దలలోనైనా మలంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే విరేచనం, జ్వరం ఉంటే "నాకు పాలు పడవు" అని సరిపెట్టుకోరాదు. జియార్డియా వంటి పరాన్నజీవుల వల్లనూ పేగు జబ్బుల వల్లనూ అచ్చంగా ఇటువంటి లక్షణాలే మొదలవుతాయి. అనుమానం ఉన్నవారు రెండు వారాలు పాలు మాని, తరువాత తిరిగి తాగి చూసి, తేడాను ఒక కాగితంమీద రాసుకొని కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రికో, రాయగడ జిల్లా ఆసుపత్రికో వెళ్లాలి. ఒడియా తడబడేవారు ఆ కాగితాన్ని వెంట తీసుకువెళితే వైద్యునికి విషయం వివరించడం తేలికవుతుంది.